గడియారపు గుండె – గడియారప్రియుల గోల

2025వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీని జెనీవా నగరమున జరిగిన గడియారముల ప్రదర్శనములో రోలెక్సు సంస్థవారు 'ల్యాండ్‌డ్వెల్లర్' అను పేర నొక క్రొత్త చేతిగడియారమును లోకమునకు జూపిరి. దానిలోపల 7135 అను సంఖ్యగల నూతనయంత్రమును, ఆ యంత్రములో 'డైనాపల్స్' అని వారు పేరిడిన యొక నూతనమైన యమరికయు నున్నవి. ఆ దినముననే దేశదేశములయందలి గడియారప్రియులు తీర్పులు వ్రాయ మొదలిడిరి. కొందఱు హారతి పట్టిరి, కొందఱు దుమ్మెత్తి పోసిరి. అంతలో దానిని కొని మాఱు అమ్మినచో నెంత లాభము వచ్చునను చర్చ బయలుదేఱినది. ఆ గడియారమును చేతబట్టి చూచినవారే అప్పటికి బహుకొద్దిమంది. యంత్రమును విప్పి చూచినవారు కర్మాగారమునకు వెలుపల నుండిరని మేము వినలేదు. వధువును చూడకయే పెండ్లివిందునకు వంకలు పెట్టినట్లున్నది.

ఎక్కడి స్విట్జర్లాండు, ఎక్కడి ధనవంతుల గడియారము, దీని గొడవ మనకేలయని చదువరులలో కొందఱు మమ్మడుగవచ్చును. మన గృహములలో ననేకములందు చేతిగడియారము విజ్ఞానద్వారమున గాక వివాహద్వారమున ప్రవేశించినది. అల్లునికి పెట్టవలసినవాని పట్టికలో సైకిలు ప్రక్కను, రేడియో ప్రక్కను గడియార మొకటి చేరి, ఆడపిల్ల తండ్రికి అప్పు తెచ్చిపెట్టినది. వేళ తెలిసికొనుటకంటె హోదా చాటుకొనుటకే దానిని చేతికి గట్టుకొను అలవాటు మనకు క్రొత్తది గాదు. నేడు హైదరాబాదునను, బెంగుళూరునను, అమెరికాలోను మంచి జీతములు తెచ్చుకొనుచున్న మన యువకులు కొందఱు ఈ గడియారప్రియుల గుంపులో చేరియున్నారు. వారి ఉత్సాహమును మేము నిందింపము. ఒక యంత్రమును ప్రేమించుట తప్పుగాదు. ప్రేమించినదానిని గూర్చి అడుగవలసిన ప్రశ్న నడుగకుండుటయే తప్పు.

మొదట ఆ నూతనత్వ మెట్టిదో చెప్పవలెను. కీ ఇచ్చు గడియారములో గాని, చేయి కదలుటచే తానే చుట్టుకొను గడియారములో గాని, శక్తి యంతయు ఒక స్ప్రింగు చుట్టలో నుండును. దానిని వదలివేసినచో ఒక్క క్షణములో విప్పుకొనిపోవును. చెఱువునీటిని తూము కొలతకు లోబఱచి కాలువలోనికి విడుచునట్లు, ఆ శక్తిని కొంచెము కొంచెముగా విడుచు నొక యమరిక కావలెను. ఇంగ్లీషువారు దానిని ఎస్కేప్‌మెంటు అందురు. చక్రమును క్షణము పట్టుట, క్షణము విడుచుట దాని పని గనుక మేము దానిని పట్టువిడుపు అని పిలిచెదము. ఇటునటు నూగుచు కాలమును కొలుచు ఊగుడుచక్రమునకు ప్రతి యూపునను చిన్న తోపు నిచ్చి దానిని నిలువనీయకుండునదియు నిదియే. మనము చెవియొగ్గి వినెడి టిక్కుటిక్కు దానిదే. గడియారమునకు గుండె యనదగినది యేదైన నున్నచో, అది యిదియే.

ఇంగ్లండు దేశీయుడగు థామసు మడ్జి 18వ శతాబ్ది మధ్యభాగమున కనిపెట్టిన లివరు పద్ధతియే కొంత మార్పునొంది నేటి యంత్రగడియారములలో చాలవఱకు నడుచుచున్నది. అందులో కెంపురాళ్లు చక్రపు పండ్లమీద జారుచుండును. జారుచోట రాపిడి, రాపిడిచోట నూనె, నూనె యున్నచోట కొన్నియేండ్లకు జిగురు. ఈ నూనెను వదలించుకొనుట గొప్ప గడియారకారుల కెందఱికో తీఱని కోరిక. పారిసులో పనిచేసిన అబ్రహాము లూయీ బ్రెగే 18వ శతాబ్ది చివర రెండు చక్రములతో నూగుడుచక్రమును నేరుగా త్రోయు పద్ధతి నొకదానిని రచించెను. ఆలోచన గొప్పది గాని, ఆనాటి లోహచక్రములు బరువై, పండ్ల నడుమ నెడము మిగిలి, అది నమ్మకముగా సాగలేదు. ఇంగ్లండు దేశీయుడగు జార్జి డేనియల్సు 1970వ సంవత్సరము తరువాతి దశాబ్దమున కో-యాక్సియల్ అను పట్టువిడుపును సృష్టించి, దానిని చేతబట్టుకొని స్విస్ సంస్థల గుమ్మము లెక్కి దిగెను. ఒమేగా సంస్థ దానిని అమ్మకమునకు తెచ్చుసరికి 1999వ సంవత్సరము వచ్చినది. 2001లో యులిస్ నార్డాన్ సంస్థవారి 'ఫ్రీక్' గడియారమున, లుడ్విగ్ ఎక్స్‌లిన్ యోచన చొప్పున, రెండు సిలికాను చక్రములు వెలసినవి.

ఇపుడు రోలెక్సువారు చేసినదియు ఆ వంశములోనిదే. సిలికానుతో చేసిన రెండు చక్రములు ఒకదాని తరువాత నొకటి దొరలుచు, నడుమనున్న చిన్న యూగుడుమీటను త్రోయును. జారుడు తగ్గి దొరలుట హెచ్చినది. పాత లివరు పద్ధతికంటె దీనివలన నూటికి ముప్పదివంతులు శక్తి ఆదా యగునని సంస్థవారి మాట. సాధారణముగా నేటి మంచి యంత్రములు గంటకు 28,800 ఊపు లూగును. ఇది 36,000 ఊగును. ఒకసారి నిండుగా చుట్టినచో సుమారు 66 గంటలు నడుచును. ఈ గడియారమునకై 32 పేటెంటు దరఖాస్తులు పెట్టితిమని, వానిలో 18 దీనికే ప్రత్యేకములని వారు ప్రకటించిరి. ఇదంతయు ప్రకటనల పటాటోపము మాత్రమే యని కొట్టివేయువారితో మేము ఏకీభవింపము. బ్రెగే కాగితముమీదను, కొలది గడియారములలోను చూచిన దానికి బంధువైన దానిని కర్మాగారములో పెద్దసంఖ్యలో చేయ సాహసించుట నిజమైన పని.

ఇట్టి పనికి దొరకిన బహుమాన మెట్టిదో చూడుడు. అందఱికంటె నెక్కువ గొంతెత్తినవారు యంత్రమునుగూర్చి గాక ముఖమునుగూర్చి మాటలాడిరి. తేనెపట్టు గదులవంటి గీతలున్న డయలు కొందఱికి వెగటైనది. గడియారపు దేహముతో కలిసిపోయినట్లు అమరిన గొలుసుపట్టా 1970 ప్రాంతపు పాతవాటిని తలపించుచున్నదని కొందఱు మెచ్చిరి, ఆ కారణముచేతనే కొందఱు ఏవగించుకొనిరి. రుచులు నానావిధములు. దానికి మేమేమియు ననము. రెండువందల యేండ్ల సమస్యకు నొక సమాధానము వెనుకప్రక్క అద్దములోనుండి కనబడుచుండగా, ముందుప్రక్క గీతలదగ్గఱ చూపు నిలిచిపోవుట మాత్రము మాకు విచారము కలిగించినది.

మఱికొందఱు లెక్కలు తీసిరి. ఇదే సంస్థ 2015లో తెచ్చిన 3255 సంఖ్యగల యంత్రము 70 గంటలు నడుచుచుండగా, క్రొత్తది 66 గంటలే నడుచుట యేమి పురోగతియని గద్దించిరి. సెకనుకు ఎనిమిది మార్లు ఊగునది పదిమార్లు ఊగిన నెక్కువ శక్తి వ్యయమగునని వారెఱుగనివారు గారు. ఎఱిగియు నాలుగు గంటలకై వాదించిరి. రెండుదినములు గడియారమును పెట్టెలోనుంచి మూడవదినమున తీయువాడు ఆ నాలుగు గంటలలో నేమి యుద్ధము చేయునో మాకు తెలియదు!

ఇక ముందెవరు, వెనుకెవరు అను తగవు. ఇందు మేము ఆక్షేపకుల పక్షమున నుందుము. ఇట్టిది లోకమున నిదే మొదటిదని ఉప్పొంగిన భక్తులు ఫ్రీక్ గడియారమును మఱచిరి. జపానులోని గ్రాండ్ సీకోవారు 2020లోనే 36,000 ఊపులు, 80 గంటల నడక, క్రొత్తరీతి పట్టువిడుపు గల 9SA5 అను యంత్రమును తెచ్చియుండిరి. దానికి ఇంత కోలాహలము జరుగలేదు. పేరు చూచి పొగడువారు పని చూచి పొగడుట లేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

వీరందఱికంటె మాకు రోత పుట్టించినది మాఱుబేరగాండ్ర మాట. ఉక్కును తెల్లబంగారమును కలిపి చేసినదాని వెల 2025లో అమెరికాలో సుమారు 15,000 డాలర్లుండెను. అది సాధారణముగా పేరు వ్రాయించుకొని కాచుకొనువారికి గాని దొరకదు. ఇట్టి గడియారములకై దుకాణదారుని దయకు పాత్రులగుటకు అక్కఱలేని నగలు కొనువారున్నారు, పండుగలకు పలకరింపులు పంపువారున్నారు. తన సొమ్ము తాను చెల్లించుచు చేతులు కట్టుకొని నిలుచుట యెక్కడి మర్యాద? పూర్వము జమీందారు దివాణములో దర్శనమునకై అరుగుమీద కూర్చున్న రైతు తన పొలముకొఱకు కూర్చుండెను. అతనికి వేఱుగతి లేదు. వీరికి వేఱుగతి లేకనా? చదువుకొన్న మనవారుకూడ 'మాకు కేటాయించిరి' అని గర్వముగా చెప్పుకొనుట విన్నపుడు, కేటాయింపు అనుమాట రేషను బియ్యమునకు తగినది గాని వేడుకవస్తువునకు తగినది కాదని చెప్పబుద్ధి పుట్టినది.

సంస్కరణాభిలాషులైన మా మిత్రులు కొందఱు ఇంతవఱకు చదివి, 'ఇదంతయు ఆడంబరమే గదా, కొన్ని వందల రూపాయల క్వార్ట్జు గడియారము ఇంతకంటె సరిగా నడుచును, దీనిని గూర్చి యిన్ని పుటలేల?' అని యనవచ్చును. వారు చెప్పునది సత్యము. సీకోవారు 1969 డిసెంబరు 25వ తేదీని ఆస్ట్రాన్ అను తొలి క్వార్ట్జు చేతిగడియారమును అమ్మకమునకు పెట్టిననాటినుండి సరియైన వేళ క్రమక్రమముగా అందఱికి చౌకయైనది. అది గొప్ప సమత్వము. పిమ్మట పది పదునైదేండ్లలో స్విట్జర్లాండున వేలకొలది కుటుంబములు గడియారపు పని కోల్పోయినవి. వేళ తెలియుటకే యైనచో యంత్రగడియారము ఆనాడే మరణింపవలసినది. కాని గ్రామఫోను వచ్చినదని మనము వీణను అటకమీద పెట్టలేదు. మీటలు, చక్రములు, స్ప్రింగులతో మాత్రమే కాలమును కొలుచు విద్య మనుష్యుని చేతులు సాధించిన సొగసైన విద్యలలో నొకటి. అది నశింపరాదు. మా తగవు విద్యతో గాదు. ఆ విద్య కొందఱి బీరువాలలో తాళమునబడుటతోనే.

అసలు ప్రశ్నకు వచ్చుచున్నాము. ఈ గోలలో నొక చిన్న గొంతు వినబడి అణగిపోయినది. 'చెడినచో దీనిని బాగుచేయువారెవరు?' అని కొందఱడిగిరి. వారిని సణుగుడుగాండ్రని త్రోసివేసిరి.

మా యింట జరిగిన దొకటి చెప్పెదము. మా పినతండ్రిగారు పడమటిదేశపు గడియార మొకటి ముప్పదియేండ్లు ధరించిరి. అది స్నానపుగది గట్టుమీదినుండి పడి ఊగుడుచక్రపు ఇరుసు విఱిగినది. మేము దానిని చేసిన సంస్థవారి మరమ్మతుశాలకు తీసికొనిపోగా, ఆ రకము పాతబడినదనియు, దానిని తాము ముట్టమనియు, విడిభాగములు బయటివారికి అమ్మమనియు చెప్పి, క్రొత్తది కొన్నచో వెలలో కొంత తగ్గింతుమని మర్యాదగా సెలవిచ్చిరి. పిమ్మట మా బజారులో మెట్లక్రింద నాలుగడుగుల బడ్డీలో కూర్చుండు గడియారముల సాయిబుగారివద్దకు పోతిమి. ఆయన కంటికి భూతద్దము బిగించుకొని చూచి, "ఉక్కుకమ్మీ ఉంటే ఇరుసు ఉన్నట్టే బాబూ, ఆరు రోజులు ఆగండి" అనెను. చేతితో త్రిప్పు చిన్న మరమీద, వెండ్రుకమందపు మొనలుగల ఇరుసును చెక్కి బిగించెను. ఆ గడియారము నేటికిని నడుచుచున్నది.

ఉక్కుకమ్మీతో నిది సాధ్యము. సిలికానుతో అసాధ్యము. సిలికాను చక్రములను, కంప్యూటరు చిప్పులు చేయు విధానమునకు దగ్గఱి విధానముతో, పలుచని పలకలనుండి చెక్కి తీయుదురు. దానికి కావలసినది కోట్ల ఖరీదుగల కర్మాగారము. అది తేలిక, దానిని అయస్కాంతము పట్టదు, నూనె కోరదు, అరుగుదల తక్కువ. ఈ గుణములన్నియు నిజములే. కాని అది ఆకురాయికి లొంగదు, వంచిన వంగదు, దెబ్బతగిలిన గాజువలె విఱుగును. విఱిగినదానికి బదులు దానిని చేసినవాడు ఇచ్చినదే గతి. అతడు ఈయడా, సాయిబుగారి ముప్పదియేండ్ల నేర్పు అచ్చట నిష్ప్రయోజనము.

'అది చెడదు' అని సంస్థాభిమానులు బదులు చెప్పుచున్నారు. చెడదని ఏనాడు తెలిసినది? ఒమేగావారు డేనియల్సు పద్ధతిని 1999లో 2500 సంఖ్యగల యంత్రమున ప్రవేశపెట్టినపుడు అది గంటకు 28,800 ఊపు లూగెడిది. కొన్నియేండ్ల అనుభవము పిమ్మట దానిని 25,200కు తగ్గించిరి. అది ఆ సంస్థకు అపకీర్తి గాదు. అనుభవముచే దిద్దుకొనుట బుద్ధిమంతుల లక్షణము. కాని లక్షలమంది చేతులమీద ఇరువదియేండ్లు తిరిగినగాని ఏ పట్టువిడుపునకును యోగ్యతాపత్రము దొరకదని అది నేర్పుచున్నది. ప్రదర్శనశాలలోని దీపకాంతిలో నేదియు చెడదు.

'సంస్థవారే బాగుచేయుదురు' అని మఱియొక సమాధానము. ఈనాడు చేయుదురు. నలువది యేండ్ల పిమ్మట? ఇట్టి గడియారములను అమ్మువారందఱు చెప్పునది ఒక్కటే: ఇది తండ్రి కొడుకున కిచ్చు వస్తువు, తరతరములు నిలుచు వస్తువు అని. ఆ మాటనుబట్టియే అంత వెల అడుగుచున్నారు. మనవడు దానిని నడపుకొనుటకు తాతకు అమ్మినవాని యనుమతి కావలసినచో, అది వారసత్వమా, కౌలుభూమియా? కౌలునకైనను గడువు, షరతు పత్రములో నుండును.

మన దేశమునందే దీనికి ప్రత్యుదాహరణ మున్నది. బెంగుళూరులో హెచ్.ఎమ్.టి. వారు జపానులోని సిటిజెన్ సంస్థ తోడ్పాటుతో 1961లో చేతిగడియారములు చేయ మొదలిడిరి. హైదరాబాదులో ఆల్విన్ సంస్థవారు సీకోవారి సహకారముతో చేసిరి. ఆల్విన్ గడియారములు ఏనాడో ఆగిపోయినవి. హెచ్.ఎమ్.టి. గడియారముల కర్మాగారములను మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము అంగీకరించినది. చేసినవారు పోయినను, కీ ఇచ్చు హెచ్.ఎమ్.టి. జనతా నేటికిని మన తాతల చేతులమీద నడుచుచున్నది. అది జెనీవా యంత్రమంత మేలైనదని కాదు. దాని ఒక్కొక్క భాగము బజారులో దొరకును, దొరకనిచో చెడిన మఱియొకదానినుండి తీయవచ్చును, తీయుట తెలిసినవాడు ప్రతి పట్టణమున నుండెను. తరతరములు నిలుచుననుమాట ఎక్కువ నిజమైనది దాని విషయముననే, వెల చూడబోయిన నెంత స్వల్పము!

ఈ సంగతి సాయిబుగారితో చెప్పి, జెనీవా యంత్రపు చిత్రమును ఫోనులో చూపితిమి. ఆయన పెద్దదిగాచేసి చాలసేపు చూచెను. బాగున్నదనెను, రెండు చక్రములు వంతులవారీగా త్రోయుట చాల బాగున్నదని మఱల ననెను. గడియారప్రియుల వ్రాతలలో మేము చదివిన పొగడ్త లన్నిటికంటె ఆయన చూపు శ్రద్ధగలదిగా తోచినది. పిమ్మట, "ఈ చక్రం విడిగా అమ్ముతారా?" అని అడిగెను. అమ్మరనుకొందుమని చెప్పితిమి. ఆయన కుమారుడు ఈ పని నేర్వలేదు, సెల్‌ఫోనుల దుకాణము పెట్టుకొన్నాడు.

విడిభాగములను బయటకు వదలినచో నకిలీలు పెరుగునని సంస్థలు చెప్పు కారణమును మేము విన్నాము. అది బొత్తిగా నిరాధారము గాదు. అయినను నకిలీలు చేయువారు ఎవరి యనుమతికొఱకును కాచుకొని యుండలేదు. నేర్పు పరీక్షించి, శిక్షణమిచ్చి, పేరు నమోదుచేసి, ఆ విధముగా నైనను స్వతంత్రులైన పనివాండ్రకు భాగము లమ్మవచ్చును. ఒక సంస్థ తన గడియారమునకై 32 దరఖాస్తులు వ్రాయగలిగినపుడు, దానిని ఎన్నియేండ్లు బాగుచేయుదుమో, భాగములు ఎవరికి అమ్ముదుమో తెలుపు నొక కాగితమును వ్రాయలేకపోదు. ఆ కాగితమును రప్పింపగలవారు గడియారప్రియులే. సంస్థలు వారి పొగడ్తమీద బ్రతుకుచున్నవి. డయలు గీతలపై చూపిన పట్టుదలలో పదియవవంతు ఇచ్చట చూపినను చాలును.

మన చదువరులలో నీ గడియారమును ఇదివఱకే కొన్నవారుగాని, పట్టికలో పేరు వ్రాయించుకొన్నవారుగాని యున్నచో, అమ్మినవారికి రెండు ప్రశ్నలు వ్రాసి పంపుడని కోరుచున్నాము: విడిభాగములు ఎన్నియేండ్లు దొరకును? మా యూరి పనివానికి దొరకునా? ప్రత్యుత్తరము వచ్చినను, రాకపోయినను మాకు తెలియజేయుడు. వచ్చిన యుత్తరములను ఈ పుటలలోనే ప్రకటింతుము.